వీడియోలో పడని పిట్ట

ముత్తయ్య పోయిన మూడోనాడు పొద్దున గోదావరి ఒడ్డుకు నలభై మంది చుట్టాలు వచ్చారు. వాళ్లతోపాటు నలభై ఆరు ఫోన్లు వచ్చాయి. మనుషులకన్నా ఫోన్లు ఎక్కువెట్లా అయ్యాయని ఎవరికైనా అనుమానం వస్తే, ముత్తయ్య తమ్ముడు లక్ష్మీరాజం అంగీ జేబులు చూస్తే చాలు. ఒకటి మాట్లాడడానికట, ఒకటి చూడడానికట. వినడానికి మాత్రం ఆయన దగ్గర ఏదీ లేదు. ఎవరేం చెప్పినా వినే అలవాటు ఆయనకు మొదటినుంచీ లేదు.

ధర్మపురికి కాస్త దిగువన, చితి చల్లారిన చోట ఇసుక చదును చేసి, ముత్తయ్య భార్య ఐలవ్వ విస్తరి పరిచింది. అన్నం, యాటకూర, ఉడికించిన గుడ్డు, గారెలు, సర్వపిండి, ఒక దొప్పలో కల్లు, పక్కన బీడీల కట్ట. ముత్తయ్యకు ఇష్టమైనవన్నీ ఉన్నాయి. డాక్టరు వద్దన్నవీ అవే.

ఈ వైపు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. విస్తరి పెట్టి దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీకేం ఫికరొద్దు, ఫలానాది మేం చూసుకుంటాం అని మాటిస్తారు. సరైన మాట పడగానే పిట్ట దిగుతుందని నమ్మకం. అది దిగేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు కాబట్టి, పోయినవాడి తృప్తి కోసం ఉన్నవాళ్లంతా మనస్ఫూర్తిగానే ఎదురుచూస్తారు.

ఐలవ్వ మాత్రం ఆకలితో ఎదురుచూడడం లేదు. ఆమె భయంతో ఎదురుచూస్తోంది. పిట్ట ముట్టకపోతే ఎందుకు ముట్టలేదో ఆ నలభై మందిలో తెలిసింది ఆమెకొక్కదానికే.

ముత్తయ్య పోయిన సాయంత్రం ఏం జరిగిందో ఆమె అందరికీ ఒకే తీరుగా చెప్పింది. "పక్కనే కూసున్న. మాట్లాడుకుంటనే పోయిండు." విన్న ఆడవాళ్లంతా ముక్కు చీది, పెండ్లాం పక్కనుండంగ పోయిండు, అదృష్టవంతుడని అన్నారు. లక్ష్మీరాజం కొడుకు సాగర్ అయితే ఆ మాటను ఇంకొంచెం సాగదీసి, 'భార్య ఒడిలో తుదిశ్వాస' అని ఫొటోతో సహా స్టేటస్ పెట్టాడు. ఆ ఫొటోలో ముత్తయ్య పదేళ్ల కిందటి ఓటరు కార్డు ముఖంతో బిత్తరపోయి చూస్తున్నాడు.

పక్కనే కూర్చుందన్నది నిజమే. మాట్లాడుకుంటూ ఉన్నారన్నదే అబద్ధం.

నిరుడు దుబాయినుంచి కొడుకు శ్రీహరి ఆమెకొక ఫోను పంపాడు. అప్పటిదాకా ఐలవ్వకు ఫోనంటే పచ్చబొత్తాం నొక్కితే మాట, ఎర్రబొత్తాం నొక్కితే నిమ్మలం. కొత్త ఫోనుకు నొక్కే పనే లేదు. వేలితో పైకి తోస్తూ పోవడమే, అది ఎక్కడా అయిపోదు. మొదటి నెల దాన్ని బీరువాలో చీరల మధ్య దాచింది. రెండో నెల దిండు కింద పెట్టుకుంది. మూడో నెలనుంచి పప్పు మాడడం మొదలైంది. ముత్తయ్య ఏమీ అనలేదు. మాడిన పప్పు తిని, "ఇయ్యాల ఏం చూసినవ్?" అని మాత్రం అడిగేవాడు.

చూసిందంతా ఆయన కోసమే. ముత్తయ్యకు ఆరేళ్లుగా ఆయాసం. ఆయాసానికి మందు చెప్పేవాళ్లు ఆ ఫోనులో కొల్లలు. ఆ సాయంత్రం ఒకాయన, 'ఈ ఒక్క ఆకు చాలు, ఆయాసం మాయం' అని మొదలుపెట్టాడు. ఆకు పేరు చెప్పడు. తన చిన్నతనం చెప్పాడు, తాత గురించి చెప్పాడు, గంట గుర్తు నొక్కమన్నాడు, మధ్యలో సబ్బుల మనిషి వచ్చి పోయాడు. ఐలవ్వ కళ్లు తిప్పకుండా ఆకు పేరు కోసం కాచుకుని ఉంది. మంచంమీదినుంచి ముత్తయ్య పిలిచాడు.

"ఐలీ, జర ఇటు రావే."

"ఆఁ, వస్తున్న. ఆకు పేరు చెప్తుండు, ఆగు."

కాసేపటికి ఇంకోసారి పిలిచాడు. ఈసారి పేరు ఒక్కటే. ఐలవ్వ తలెత్తకుండానే చెయ్యి ఊపింది. పన్నెండో నిమిషంలో ఆ పెద్దమనిషి దయతలిచి ఆకు పేరు చెప్పాడు. అడ్డసరం. ముత్తయ్య ఆరేళ్లుగా రోజూ పొద్దున పెరట్లో తెంపుకుని నములుతున్న ఆకే. ఆ సంగతి చెప్పి నవ్విద్దామని ఐలవ్వ మంచం దిక్కు తిరిగేసరికి నవ్వేవాడు లేడు.

ఏం కావాలని పిలిచాడో ఆమెకు తెలియదు. మంచినీళ్లకో, ఛాతీ రుద్దమనో, ఊరికే పక్కన కూర్చోమనో. మూడు రోజులుగా ఆమె నిద్రలోనూ మెలకువలోనూ ఆ పిలుపు ఒక్కటే వింటోంది. పిట్ట రాకుంటే ఆయన కోపంతోనే పోయాడని తేలిపోతుంది. ఇక బతికినన్నాళ్లూ ఆ తప్పును దించుకునే చోటే ఉండదు.

ఇసుకలో మూడుకాళ్ల స్టాండు నాటి, దాని నెత్తిన ఫోను బిగించి, సాగర్ దుబాయిని తెచ్చి గోదావరి ఒడ్డున నిలబెట్టాడు. సెలవు దొరకని శ్రీహరి అందులోంచి అరచేయంత ముఖంతో తండ్రి విస్తరిని చూస్తున్నాడు. మొన్న చితికి కొరివి పెట్టింది కూడా సాగరే. ఒక చేత్తో కొరివి, ఒక చేత్తో ఫోను. రెంటిలో ఏది జారకూడదో అతనికి బాగా తెలుసు.

సాగర్‌కు ముప్పై ఏళ్లు. పని ఏంటని అడిగితే చానెల్ అంటాడు. ఊరిలో ఎవరి ఇంట్లో పెళ్లయినా చావయినా చుట్టాలకన్నా ముందు వెళ్తాడు. ఇవాళ కూడా రెండో ఫోనుతో లైవ్ మొదలుపెట్టి, "ఫ్రెండ్స్, మా పెద్దబాపు పిట్ట ఇంకా ముట్టలే. లాస్ట్ దాకా చూడుండ్రి" అని చెబుతున్నాడు.

పావుగంట గడిచింది. ఒడ్డున తుమ్మచెట్టు మీద పొద్దున కనబడిన కాకులు ఇప్పుడు లేవు. పెద్దవాళ్లు కావ్ కావ్ అని పిలవబోతే సాగర్ వారించాడు. "మీకెందుకు తాతా తక్లీఫ్. నా దగ్గర ఒరిజినల్ కాకుల సౌండ్ ఉన్నది." డోలంత స్పీకరును తీసి చెట్టు మొదట్లో పెట్టాడు. ముందు ఎవరో ఒకామె అప్పు కావాలా అని తియ్యగా అడిగింది. ఆమె పోయాక వంద కాకులు ఒక్కసారే గొంతు చించుకున్నాయి. నది అవతలి గట్టున వాలి ఉన్న కొంగలు కూడా లేచి పోయాయి.

అరగంటయినా అది మోగుతూనే ఉంది. పిట్ట జాడలేదు.

"మనసుల ఏదో ఉన్నది అన్నకు," అని లక్ష్మీరాజం తేల్చాడు. ఆయనే ముందుకొచ్చి చేతులు జోడించాడు. "అన్నా, మన ఇద్దరి నడుమ గెట్టు కాడ పంచాయితి ఉన్నది. ఆ రెండు గజాలు నీదే. నేనే జరిపిన. నీ కొడుక్కు ఇడిచిపెడ్త."

అందరూ చెట్టు దిక్కు చూశారు. కాకి రాలేదు. లక్ష్మీరాజం కొడుకు దిక్కు తిరిగి గొంతు తగ్గించాడు. "లైవ్ల పోయిందారా గిది?"

"పోయింది బాపు. సర్వేయర్ కుమార్ సుత లైక్ కొట్టిండు."

"కాకి రాలే కదా. జర తీసెయ్యరాదు."

తర్వాత నస్పూర్‌నుంచి వచ్చిన ముత్తయ్య కూతురు మంజుల కండ్లొత్తుకుంటూ, అవ్వను నా ఇంటికి తీసుకపోయి చూసుకుంటనని చెప్పింది. అది ముత్తయ్యకన్నా ముందు ఐలవ్వకే నచ్చలేదు. ఆ తర్వాత స్టాండు మీది శ్రీహరి వంతు వచ్చింది. "బాపూ, వచ్చే యేడు ఇంటికి స్లాబు..." అనేంతలో సిగ్నల్ పోయి నోరు తెరుచుకున్నట్టే ఆగిపోయాడు. దుఃఖంతో మాట పడిపోయిందనుకుని వెనకున్న ముసలామె బావురుమంది. మళ్లీ కదిలేసరికి శ్రీహరి, "అన్నం తింటున్న, మల్ల చేస్త" అని ఇంకెవరికో చెబుతున్నాడు.

మాటలు అయిపోయాయి. ఆకలి పెరిగింది. ఆకలి పెరిగే కొద్దీ చుట్టాల చూపు విస్తరి మీదినుంచి మెల్లగా ఐలవ్వ మీదికి జరిగింది. గుసగుసలు గట్టిగానే వినబడుతున్నాయి. ఆడమనిషి ఏదో దాస్తున్నది. మందులు సరిగ్గ ఇచ్చిందో లేదో. పెండ్లాం మీద మనసు కష్టమైతెనే పిట్ట ముట్టదట. ఆ మాట ఐలవ్వ చెవిన పడింది. ఆమె దాన్ని కాదనలేకపోయింది. వాళ్లు నోటికొచ్చింది అంటున్నారు, కాని అన్నదే నిజమైపోయింది.

ఆమె లేచి విస్తరి ముందుకు వచ్చి కూలబడింది.

సాగర్‌కు ఇట్లాంటివి ముందే తెలుస్తాయి. పెద్దవ్వ మాట లైవ్‌లో స్పష్టంగా పడాలని చటుక్కున కాకుల స్పీకరు ఆపేశాడు. ఫోనును ఆమె ముఖానికి దగ్గరగా పట్టాడు.

"ఇగో, నేను అబద్ధం చెప్పిన," అంది ఐలవ్వ. చుట్టాలతో కాదు, విస్తరితో. "నువ్వు రెండుసార్లు పిలిచినవ్. నేను రాలే. ఫోన్ చూసుకుంట ఉన్న. నీ ఆయాసానికే చూస్తున్న, అయినా రాలే. లేచి వస్తె అయిపోయేది, నాలుగు అడుగులు లేవు. ఏం అడుగుదామనుకున్నవో నాకు ఎరుక లేదు. యాభై యేండ్లు ఒక్క మాట అనకపోతివి. ఇప్పుడు తిట్టుదామన్న నోరు లేకపాయె నీకు. కోపముంటె నా మీద పెట్టుకో, కడుపు మీద పెట్టుకోకు. తినిపో."

ఇట్లా చెప్పి, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మూడు రోజులుగా ఏడ్చింది ఊరి కోసం. ఇది ఆమె కోసం.

వెనక నిలబడ్డవాళ్లకు ఆమె మాట వినబడలేదు. వాళ్లు చప్పున సాగర్ లైవ్ తెరిచారు. పది అడుగుల ముందున్న మనిషి మాట మేఘాలదాకా పోయి ఇరవై సెకన్లు ఆలస్యంగా వాళ్ల చేతుల్లోకి దిగింది. ముందున్నవాళ్లకు అంతా వినబడింది. కాని వెనకవాళ్లు ఏం చూస్తున్నారో చూడాలని వాళ్లూ తెరిచారు. చూసినవాళ్లు ఊరికే ఉండలేరు కదా. ఏడుపు బొమ్మలు పెట్టేవాళ్లు, దండం బొమ్మలు పెట్టేవాళ్లు, కోడలికి పంపి ఇదిగో చూడు నీ తీరే అని రాసేవాళ్లు. ఎక్కడో వరంగల్లులో ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు, 'ఇలాంటి ఆడవాళ్ల వల్లే సంసారాలు నాశనం' అని రాస్తే, దాన్ని లక్ష్మీరాజం కళ్లద్దాలు సవరించుకుని గట్టిగా చదివాడు. గోదావరి ఒడ్డున నలభై తలలు ఒక్క తీరుగా వంగి ఉన్నాయి.

అప్పుడు కాకి వచ్చింది.

తుమ్మచెట్టు కొమ్మమీద ఒక్క క్షణం ఆగి, ఇసుకలోకి దిగి, పక్కపక్కకు గెంతుతూ విస్తరి చేరింది. ఐలవ్వకు మూడు మూరల దూరంలో. గుడ్డును పొడిచి వదిలేసింది. యాటకూర ముక్క ఒకటి మింగింది. అన్నం నాలుగు మెతుకులు ఏరుకుంది. తల వంచి ఒక కన్నుతో ఐలవ్వను చూసింది. ఆ చూపులో ముత్తయ్య కనబడ్డాడని చెబితే అబద్ధమవుతుంది. కాకి కాకిలాగే చూసింది. ఐలవ్వ దాన్నే చూస్తూ కూర్చుంది. ఎవరినీ పిలవలేదు. పిలిస్తే బెదురుతుందని కాదు, పిలవాలని తోచలేదు. కాకి తీరిగ్గా తిని, పోతూ పోతూ గారె ఒకటి ముక్కున కరుచుకుని, నది మీదుగా ఎగిరిపోయింది.

"వచ్చింది," అంది ఐలవ్వ కండ్లు తుడుచుకుని. "ముట్టింది."

నలభై తలలు లేచాయి. చెట్టు ఖాళీ. విస్తరి చెదిరి ఉంది.

"ఎప్పుడు వదినె?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఇప్పుడే. మీరందరు ఈడనే ఉంటిరి గదా."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చూడలేదు. చూడనిదానికి ఒక్కటే దారి, వీడియో తీసి ఉండాలి. సాగర్ తన లైవ్ వెనక్కి తిప్పాడు. అందులో ఐలవ్వ ముఖం తప్ప ఏమీ లేదు. కన్నీటి చుక్క గడ్డం మీదినుంచి జారడం చాలా బాగా పడింది. విస్తరి పడలేదు. నలభై ఆరు ఫోన్లూ వెతికారు. ఒకరి దాంట్లో మూలకు నల్లగా ఏదో కదిలితే గుంపంతా మూగింది. పెద్దది చేసి చూస్తే అది లక్ష్మీరాజం గొడుగు.

"కుక్క ముట్టిందేమో," అంది ఒకామె.

"వదినె బాధల ఉన్నది. గట్లనే అనిపిస్తది," అన్నాడు లక్ష్మీరాజం దయగా.

స్టాండు మీదినుంచి శ్రీహరి కలగజేసుకున్నాడు. "అవ్వా, గట్లెందుకు చెప్పినవ్ లైవ్ల. నా రూమోళ్లు అందరు చూసిన్రు, నా ఇజ్జత్ పోయింది. పిట్ట ముట్టినట్టు వీడియో ఒక్కటన్న ఉంటె పంపుండ్రి, గ్రూపుల పెడ్త, జర సల్లబడ్తరు."

ఇక చేసేదేముంది, మళ్లీ పెట్టాలని పెద్దలు నిర్ణయించారు. కొత్త విస్తరి వేశారు. ఈసారి నలభై ఆరు ఫోన్లూ విస్తరి వైపే గురిపెట్టారు. ముత్తయ్య బతికుండగా ఇంతమంది ఒక్కసారి ఆయన దిక్కు చూసింది లేదు. సాగర్ స్పీకరు పెట్టాడు. అప్పులామె వచ్చిపోయింది. వంద కాకులు అరిచాయి.

లక్ష్మీరాజం ఎన్నడూ లేనిది చెవి రిక్కించాడు. "ఆగురా. గిది నా మక్కచేన్ల పెట్టేది గదా."

"కాకుల సౌండే బాపు."

"కాకులు సావుకేక పెట్టే సౌండ్ రా గది. కంకుల మీద పిట్టలు వాలొద్దని పొద్దంత మోగిస్తం. గిది వింటె ఊరవతలికి ఉరుకుతయ్. యాడ దొరికిందిరా నీకు?"

సాగర్ ఫోను చూసుకున్నాడు. పైన పేరు ఉంది, చేలలో కాకులను తరిమే శబ్దం అని, తెలుగులోనే. అతను తల గోక్కున్నాడు. "వ్యూస్ మస్తున్నయని గిదే పెట్టిన."

మంజుల గబగబా ముందుకొచ్చింది. "అంటె బాపుకు కోపముండి కాదు గదా పిట్ట రానిది. సౌండ్ బందయినంక వచ్చే ఉంటది, అవ్వ చెప్పింది నిజమే గదా. సాగర్, ముందుగాల ఆ వీడియో తీసెయ్."

"పన్నెండు వేలు దాటింది అక్కా," అన్నాడు సాగర్, పసిపిల్లను కాపాడుకుంటున్నట్టు ఫోనును వెనక్కి లాక్కుని. "ఇప్పుడు తీసేస్తె చానెల్ పండుకుంటది. రేపు ఇంకోటి పెడ్త, అసలు నిజం ఇదీ అని. అది సుత మంచిగనే పోతది."

కాకి మళ్లీ రాలేదు. కడుపు నిండింది మళ్లీ ఎందుకు వస్తుంది. పొద్దు నడినెత్తికి వచ్చాక, చుట్టాలు ఇక ఓపలేక విస్తరిని ఒడ్డున మేస్తున్న ఆవుకు పెట్టి, చేతులు కడుక్కుని, పిట్ట ముట్టలేదని మూడు గ్రూపుల్లో రాసి, అన్నాలకు కూర్చున్నారు.

ఐలవ్వ కూడా కూర్చుంది. అన్నం పెట్టమని తనే అడిగింది. మూడు రోజులుగా మెతుకు మింగని మనిషి, యాటకూర కలుపుకుని కడుపునిండా తింటుంటే పంక్తిలో ఉన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మొగడు అలిగి పోతె గింత బువ్వ ఎట్ల దిగుతున్నదో అని ఒకామె అంది. ఒకరిద్దరు ఫోన్లు కూడా లేపారు.

మంజులకు తల కొట్టేసినట్టయింది. తల్లి పక్కకు జరిగి గుసగుసగా అంది. "అవ్వా, అందరు చూస్తున్రు. అసలు వచ్చిందా, రాలేదా, నాకన్న చెప్పు. నేను అందరికి చెప్పి ఒప్పిస్త."

"వచ్చింది బిడ్డా. నేను చూసిన."

"నువ్వొక్కదానివి చూస్తె ఏం లాభమే?"

ఐలవ్వ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, నిదానంగా మింగింది.

"ఆయన పిలిచింది నన్నొక్కదాన్నే గదా," అంది. "ఇంకొంచెం అన్నం పెట్టు."